మూత మీద నామం

కార్బొరేటర్ జెట్టును ఎండకు ఎత్తి పట్టి అళగిరిసామి ఒక కన్ను మూశాడు. వేలి గోరంత ఇత్తడి ముక్క, దాని నడుమ వెంట్రుక దూరేంత రంధ్రం. ఆ రంధ్రంలోంచి వెలుగు చుక్క గుండ్రంగా, ఏ అడ్డూ లేకుండా కనిపించింది. అయినా మనసు ఊరుకోక, పాత క్లచ్ కేబుల్ నుంచి పీకిన సన్నని తీగను అందులో దూర్చి తీశాడు. నోటికి ఆనించి ఊదాడు. పెట్రోలు నాలుకకు తగిలింది. నలభై ఏళ్లుగా ఆ రుచి ఆయన నోట్లో కాపురం ఉంటోంది. కాఫీ తాగినా, పెరుగన్నం తిన్నా దాని వెనకాలే అదీ వస్తుంది. జెట్టు శుభ్రంగా ఉంది. ఫ్లోటు కప్పులో నలక లేదు. సూది సరిగానే కూర్చుంటోంది. ఏదీ చెడిపోలేదన్నదే పొద్దుటినుంచీ ఆయనకు మింగుడుపడని విషయం.

ఊరివాళ్ల బండి అయితే ఈపాటికి బిగించి చేతికిచ్చి, నాలుగు రోజులు నడిపి చూడమని పంపేసేవాడు. ఇది సొంత బండి. మొన్న గురువారం నాచ్చియార్‌ను వెనక కూర్చోబెట్టుకుని మేట్టుపాళయం ఆస్పత్రికి పోతుంటే దారిలో ఆగిపోయింది. ఆగి, కాసేపు బతిమాలించుకుని, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచింది. అంతకు ముందు మంగళవారమూ అంతే. ఇవాళ శనివారం. మధ్యాహ్నం మళ్లీ ఆమెను తీసుకుపోవాలి, ఆలస్యం కాకూడదు.

నాచ్చియార్ ఆయన భార్య. ఆమె మూత్రపిండాలు పనిచేయడం మానేసి రెండేళ్లు దాటింది. మంగళ, గురు, శనివారాల్లో ఆస్పత్రిలో ఒక యంత్రం ఆమె రక్తాన్ని బయటికి లాగి, కడిగి, మళ్లీ ఒంట్లోకి పంపుతుంది. ఒక్కో రోగికి ఒక్కో వేళ. ఆ వేళకు మనిషి మంచం దగ్గర లేకపోతే యంత్రం ఖాళీగా కూర్చోదు, ఊపిరాడక వచ్చిన ఇంకెవరికో పోతుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ సంగతి తెలుసు కాబట్టే అళగిరిసామి నిన్నటి నుంచీ వేరే పని ముట్టుకోలేదు.

వేరే పని ఉంటే కదా ముట్టుకోవడానికి అని ఎవరైనా అనవచ్చు. అదీ నిజమే. కారమడైలో ఆయన రేకుల షెడ్డు ముందు ఒకప్పుడు బళ్లు రోడ్డు దాకా నిలబడేవి. ఇప్పుడొచ్చే బళ్లకు కార్బొరేటరే లేదు. ఎంత పెట్రోలు పోయాలో ఒక చిన్న పెట్టె చూసుకుంటుంది. ఆ పెట్టెకు జబ్బు చేస్తే కనిపెట్టడానికి ఇంకో పెట్టె కావాలి, అది షోరూములో ఉంటుంది. కరివేపాకు మూటలు మోసే ముసలి బళ్లు, పాలక్యాన్ల బళ్లు మాత్రం ఇంకా అళగిరిసామిని నమ్ముకుని ఉన్నాయి. అవీ ఒకటొకటిగా పాత ఇనుముకు పోతున్నాయి. షెడ్డు గోడకు వేలాడే గాస్కెట్లు, కేబుళ్లు, కొత్తవి కొత్తగానే దుమ్ము పట్టాయి. వాటిని తుడవడం కూడా ఈ మధ్య మానేశాడు.

ఆయన తాతకు భూములుండేవి. పంచుకుంటూ పంచుకుంటూ అళగిరిసామి దాకా వచ్చేసరికి ఆయన వాటాకు స్పానర్ల పెట్టె మిగిలిందని చుట్టాలు వేళాకోళం చేసేవారు. ఆ చుట్టాలు కోయంబత్తూరులో నూలు మిల్లులు నడుపుతున్నారు, పెళ్లిళ్లలో కనిపిస్తే భుజం మీద చెయ్యేసి మాట్లాడతారు. అందరిదీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. షెడ్డు బోర్డు తమిళంలోనే ఉంది. ఎన్ని తరాల కిందట వచ్చారో గాని, ఆ తెలుగును చదవడం ఇంట్లో ఎవరికీ రాదు. నాచ్చియార్ మాత్రం పెరుమాళ్లతో తెలుగులోనే మాట్లాడుతుంది. తమిళంలో అడిగితే ఇంత జనంలో ఎవరు అడిగారో ఆయనకు తెలియదని, తెలుగులో అయితే మనమేనని గుర్తుపడతాడని ఆమె నమ్మకం. ఇద్దరికీ పిల్లల్లేరు. ఆ విషయం కూడా ఆమె పెరుమాళ్లకు తెలుగులోనే విన్నవించుకుంది, చాలా ఏళ్లు.

జెట్టును బిగించి, కార్బొరేటర్‌ను దాని చోట కూర్చోబెట్టి, గొట్టం తగిలించాడు అళగిరిసామి. ఇక పెట్రోలు ఎంతుందో చూడాలి. ట్యాంకు మూత మీద నామం ఉంది. రెండు తెల్లని గీతలు, నడుమ ఎర్రటి చారిక. నల్లని చేతిని చొక్కాకు తుడుచుకుని, నామాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. అప్పుడు గాని తాళం తిప్పి మూత తెరవలేదు. పెట్రోలు సగం దాకా ఉంది. మూత వేసి, కిక్కర్ మీద కాలు పెట్టాడు. ఒక్క తన్నుకే బండి అందుకుంది.

ఇది పురట్టాసి నెల, పెరుమాళ్ల నెల. ఈ నెలలో శనివారం వచ్చిందంటే ఈ ఊళ్లో పసిపిల్లకూ నామం, తలుపుకూ నామం, తిరగలికీ నామం. నాచ్చియార్ ఏటా బండికీ పెడుతుంది. నిరుటి దాకా ముందు దీపం అద్దానికి పెట్టేది. తిరుమణ్ణు మెత్తని తెల్లమట్టి, తడిపి పెడితే ఆరి గట్టిగా పట్టుకుంటుంది. చీకట్లో సగం వెలుగు దానికే పోతోందని, గుంతలు కనిపించడం లేదని అళగిరిసామి నిరుడు విసుక్కున్నాడు. ఈ ఏడు నెల మొదట్లో ఆమె చాలాసేపు బండి చుట్టూ తిరిగి ఆలోచించింది. "దీపం కన్ను అయితే, నుదురు యాడ ఉండాల?" అని ఆయన్నే అడిగింది. తర్వాత తనే ట్యాంకు మూత మీద వేలు పెట్టి, ఇదేనని తేల్చింది. గుండ్రంగా, మెరుస్తూ, నడిపేవాడి కళ్లకెదురుగా ఉంది, ఇంతకంటే మంచి నుదురు ఏ బండికుంటుంది? తాళం కన్నంలో మట్టి పడితే మొగుడు అరుస్తాడని, దాని పక్కనుంచి జాగ్రత్తగా దిద్దింది. శనివారం శనివారం పాతదాని మీదే కొత్తది.

బండిని టీ కొట్టు దాకా తోలి, తిప్పుకొచ్చాడు. ఎక్కడా దగ్గలేదు. మళ్లీ ఒక చుట్టు తిరిగాడు. గంట కొట్టినట్టుంది ఇంజను. ఈ కాలపు పెట్రోల్లో కలిపేదేదో నీళ్లు లాక్కుంటుందని, ఆ నీటిబొట్టు ఏదో జెట్టుకు అడ్డం పడి ఉంటుందని, అది ఇప్పుడు పోయిందని తనకు తాను చెప్పుకున్నాడు. గురువారం ట్యాంకు కింది పెట్రోలు కాక్ విప్పి కడిగినప్పుడూ ఇలాగే చెప్పుకున్నాడు, మంగళవారం వడపోత మార్చినప్పుడూ ఇలాగే. ప్రతిసారీ ఏదో ఒకటి కడగడం, మూత తెరిచి పెట్రోలు చూడడం, తన్నడం, అది అందుకోవడం. ఈసారి మాత్రం పూర్తిగా కుదిరిందని నమ్మాలనుకున్నాడు, నమ్మాడు.

అప్పుడే గోపినాథ్ కారు షెడ్డు ముందు ఆగింది. పెద్దనాన్న మనవడు, వరసకు కొడుకు. మిల్లు పని మీద ఇటు వచ్చినప్పుడల్లా దిగి పలకరించే మంచివాడు. కిటికీ దించి బండిని, నేల మీద పరిచిన గుడ్డను, దాని మీది పనిముట్లను చూశాడు.

"చిన్నాయనా, ఇయ్యాల చిన్నమ్మకు ఆస్పత్రి గదా. గుడికాడ జనం తోసుకుంటుండారు. నా కారులో దింపేస్తాను, రమ్మను."

"వొద్దురా. వండి రెడీ అయిపోయింది." బండిని ఆయన తమిళంలోలాగే వండి అంటాడు.

"మొన్న దారిలో నిలిచిపోయిందంటిరి?"

"అది మొన్న. దానికి కారులో కడుపులో తిప్పుతుంది, పడదు."

నాచ్చియార్‌కు కారు పడదన్న మాట నిజమే, కాని సగమే నిజం. ఆమెకు బండి అంటే ఇష్టం. గాలి మొహానికి కొట్టుకుంటుంటే తాను రోగినన్న సంగతి మర్చిపోతానని ఎన్నోసార్లు చెప్పింది. మిగతా సగం అళగిరిసామిది. తన చేతి కింద బాగుపడిన బళ్లు జిల్లా అంతా తిరుగుతుంటే, తన భార్య ఇంకొకరి కారులో ఆస్పత్రికి పోవడం ఆయనకు తలవంపు. గోపినాథ్ ఇంకోసారి అడిగాడు. ఈయన తల అడ్డంగా ఊపి స్పానర్లు తుడుచుకున్నాడు. కారు వెళ్లిపోయింది.

ఇంటికి పోయేసరికి నాచ్చియార్ గడప దగ్గర కూర్చుని ఉంది. తలంటుకుంది, జుట్టు ఇంకా తడిగా ఉంది. మొహం పసుపు రాసుకున్నా పాలిపోయినట్టే ఉంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టక మడమలు బయటికే ఉన్నాయి. పక్కన సంచి: దుప్పటి, తువ్వాలు, రెండు బ్రెడ్డు ముక్కలు. రక్తం బయట తిరుగుతున్నంతసేపూ ఆమెకు చలేస్తుంది. నీళ్లు రోజుకు ఇంతేనని డాక్టరు కట్టడి చేశాడు కాబట్టి ఆమె పెదవులు ఎప్పుడూ ఎండిపోయి ఉంటాయి. నాలుకతో తడుపుకుంటుంది, అది కూడా ఎవరూ చూడనప్పుడు.

ఎడమ అరచేతిలో తిరుమణ్ణు అరగదీసి, నీటి చుక్కతో కలిపి సిద్ధంగా పెట్టుకుంది. బండి స్టాండు వేయగానే గోడ పట్టుకుని లేచి వచ్చింది.

"పొద్దున్నే పోయినారు. పెట్టేదానికి వీలే కాలే."

"సీక్కిరం కానీ. గుడి దారి మూసేసుండారు, తోటల ఎంట తిరిగి పోవాల."

ఆమె ఉంగరపు వేలితో మూత మీద పాత గీతల్ని ఒత్తి దిద్దింది. ఎర్రది పెట్టింది. చేతిలో మిగిలిన తెల్లమట్టిని వృథా చేయడం ఇష్టం లేక, దాన్నీ గీతలకే పూసింది. తర్వాత రెండు చేతులూ జోడించి, పెదవులు కదిలించి ఏదో చెప్పుకుంది. అళగిరిసామి ఎండను చూస్తూ నిలబడ్డాడు. ఇంకోసారి తొందర చేయడానికి మనసొప్పలేదు.

గుడి వైపు నుంచి డప్పులు, శంఖాలు, గోవింద నామాలు వినిపిస్తున్నాయి. దాసర్లు వీధికి అడ్డంగా కూర్చుని ఉంటారు, వచ్చిన ప్రతివాడూ వాళ్ల ముందు గుప్పెడు బియ్యం పోసి గాని కదలడు. అందుకే బండిని వెనక దారికి మళ్లించాడు. అటు పోకతోటలు, అరటితోటలు, కరివేపాకు చేలు. మధ్యాహ్నపు ఎండకు కరివేపాకు వాసన దారంతా పరుచుకుని ఉంది. నాచ్చియార్ పక్కకు తిరిగి కూర్చుని ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసింది. ఆ చెయ్యి బరువును బట్టి ఆమె ఒంట్లో ఎలా ఉందో ఆయన చెప్పగలడు. ఇవాళ బరువుగా ఉంది.

"బాగా పోతుండాది," అంది వెనకనుంచి.

ఆ మాట అన్న కాసేపటికి ఇంజను ఒకసారి వెక్కింది. అళగిరిసామి చోక్ లాగాడు, వదిలాడు. బండి ముందుకు ఊగి, వెనక్కి ఊగి, తోటల నడుమ ఆగిపోయింది.

తన్నాడు. మళ్లీ తన్నాడు. నాచ్చియార్ దిగి, కల్వర్టు గోడ మీద కూర్చుంది. కూర్చోవడానికి ఆ నాలుగడుగులు వేసేసరికే ఆమెకు ఆయాసం వచ్చింది. ఆ దారిన ఆటోలు తిరగవు. ఎదురుగా కనుచూపు మేర మనిషి లేడు. శనివారం కదా, అందరూ గుడి దగ్గరే ఉన్నారు. గోపినాథ్‌కు ఫోను చేశాడు. మోగింది గాని ఎత్తలేదు. మిల్లులో యంత్రాల చప్పుడులో ఎవరికి వినబడుతుంది?

నేల మీద కూర్చుని పనిలోకి దిగాడు. ప్లగ్గు విప్పి చూశాడు, పొడిగా ఉంది. ఫ్లోటు కప్పు కింది మర వదులు చేశాడు, రెండు చుక్కలు పడి ఆగిపోయింది. అంటే పెట్రోలు పైనుంచి దిగడం లేదు. గొట్టం ఊడదీశాడు. అందులోంచీ రాలేదు. ట్యాంకు సగం నిండుగా ఉంది, వడపోత కొత్తది, కాక్ మొన్ననే కడిగింది. గొట్టాన్ని నోట్లో పెట్టుకుని పైకి ఊదాడు. బుడగ ఎక్కినట్టయి కాస్త పెట్రోలు జారి మళ్లీ ఆగింది. ప్లగ్గును తుడిచి మళ్లీ బిగించాడు.

"మెల్లిగా చూడండి," అంది నాచ్చియార్. "నాకేమీ తొందర లే."

ఆమె మాటకూ మాటకూ నడుమ గాలి పీల్చుకుంటోంది. ఆ చప్పుడు ఆయనకు వినిపిస్తోంది. ఆమె సంచిలోంచి తువ్వాలు తీసి తల మీద వేసుకుంది, పెరుమాళ్లతో సన్నగా మాట్లాడుతోంది. బండి నడవనివ్వమని అడుగుతోంది. తన గురించి అడగడం లేదు.

అళగిరిసామి లేచి, అలవాటు కొద్దీ నామాన్ని తాకి కళ్లకద్దుకుని, తాళం తిప్పి మూత లేపాడు.

ఉస్సుమని ట్యాంకు గాలి పీల్చుకుంది.

చిన్న చప్పుడు. షెడ్డులో అయితే లారీల మోతలో, పక్కకొట్టు రేడియోలో అది ఎప్పుడూ వినబడలేదు. ఇక్కడ తోటల నడుమ స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే కింద వేలాడుతున్న గొట్టంలోంచి పెట్రోలు ధారగా కారి ఆయన పాదం తడిపింది. గొట్టం మడిచి పట్టుకుని, చేతిలోని మూతను తిప్పి చూశాడు. తాళం కన్నం పక్కన గుండుసూది మొనంత రంధ్రం ఉండాలి. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి పోవాలి, అది పోయే దారి అదొక్కటే. ఆ రంధ్రం ఎక్కడా కనిపించలేదు. అక్కడ తెల్లటి గీత ఉంది, వారం వారం పూత మీద పూత పడి రాయిలా గట్టిపడి, దాని మీద ఇవాళ్టి తడి.

ప్రతిసారీ తాను మూత తెరవడమే బండికి వైద్యమైంది. తెరిచినప్పుడు గాలి లోపలికి పోయింది, ఆ గాలి ఉన్నంత దూరం బండి నడిచింది. టీ కొట్టు దాకా అయితే ఎన్నిసార్లయినా నడుస్తుంది. ఇంత చిన్న సంగతి. వేరేవాడి బండి అయితే ముందు మూతనే చూసేవాడు, అక్కడ మట్టి ఉంటే గోటితో గీకి పారేసి, బుద్ధి లేదా అని నాలుగు తిట్టేవాడు. ఇక్కడ మట్టి కనిపించలేదు ఆయనకు, నామం కనిపించింది. చేయెత్తి దండం పెట్టిన చోట తప్పు వెతకాలని తోచలేదు.

"ఏమి? దొరికిందా?"

ఆయన ఆమెకు వీపు తిప్పి నిలబడ్డాడు. స్క్రూడ్రైవరు మొనతో నామాన్ని గీకాడు. తెల్లటి పొడి, ఎర్రటి పొడి మూత మీంచి రాలి పెట్రోలు తడిలో కలిసిపోయాయి. క్లచ్ తీగతో రంధ్రం పొడిచాడు. చెబితే ఆమె ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ తెల్లమట్టి ముద్ద, ఆ వేలు, ఆ రెండు గీతలే.

"దుమ్ము," అన్నాడు. "దుమ్ము అడ్డం పడింది."

"చూస్తిరా. అడిగినాను, కనబరిచినాడు."

ఒక్క తన్నుకు బండి అందుకుంది. మేట్టుపాళయం దాకా ఎక్కడా దగ్గలేదు, వెక్కలేదు. అంత బాగా నడుస్తుంటే అళగిరిసామికి కళ్లనీళ్లు తిరిగాయి. గాలికి అనుకుంటుందిలే అని తుడుచుకోలేదు.

ఆస్పత్రిలో ఆమె మంచం మీద ఇంకెవరో ముసలాయన పడుకుని ఉన్నాడు. అరటి మండీలో కూలీ అట, ఊపిరాడక పడిపోతే తెచ్చారట. నర్సు తులసి వీళ్లను చూసి ఎదురొచ్చింది. ఆమెదీ వీళ్ల భాషే, అందుకే నాచ్చియార్‌కు ఆ పిల్ల అంటే ప్రాణం.

"ఏమిమ్మా, ఇంత లేటు? చాలాసేపు చూస్తిమి. ఫోను చేస్తే అయ్య ఎత్తలే."

ఆ ఫోను వచ్చినప్పుడు ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని ఉన్నాడేమో, వినలేదు.

"వండి నిలిచిపోయిందిమ్మా," అన్నాడు.

తులసి ఆయన చేతుల్ని చూసింది. లోపలికి పోయి డాక్టరుతో మాట్లాడి వచ్చింది. ఆ చివరి యంత్రం కాసేపట్లో ఖాళీ అవుతుంది. అయితే సాయంత్రం వాళ్లకు ఇచ్చే లోపల సగం వేళే పెట్టగలరు. మిగతా సగం రేపు ఆదివారమైనా పొద్దున్నే వస్తే పెడతామని, రాత్రి నీళ్లు అసలు తాగొద్దని, ఏమాత్రం ఆయాసమనిపించినా వెంటనే రావాలని చెప్పింది. పరవాలేదంది నాచ్చియార్. సగమైనా సగమే గదా అని నవ్వింది.

ఆమె చేతికి సూదులు గుచ్చారు. గొట్టాల్లో రక్తం ఎర్రగా పోయి ఎర్రగా వస్తోంది. అళగిరిసామి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆ గొట్టాల్నే చూశాడు. ఎక్కడా అడ్డం లేకుండా పారుతోంది. గోళ్ల సందున ఇరుక్కున్న తెల్లమట్టిని ఒక్కో వేలి నుంచీ తీసి, పారేయడానికి చేతులు రాక చొక్కా జేబులో వేసుకున్నాడు. నాచ్చియార్ దుప్పటి మెడ దాకా లాక్కుని నిద్రపోయింది. నిద్రలో ఆమె పెదవులు నీళ్లకోసం కదిలాయి.

తిరుగు దారిలో పొద్దు వాలింది. నీలగిరి కొండల మీద మబ్బు దిగుతోంది, గాలి చల్లగా ఉంది. గుడి దగ్గర జనం పలచబడ్డారు కాబట్టి ఊరి మీదుగానే వచ్చారు. గోపురం కనిపించగానే ఆమె ఆయన భుజం మీద చెయ్యి తీసి దండం పెట్టుకుని, మళ్లీ భుజం మీదే వేసింది.

"కారు అయితే ఈ గాలి యాడ వస్తుంది," అంది.

ఇంటి ముందు దిగి, సంచి అందుకుంటూ, ఆమె మూతను చూసింది.

"నామం యాడ పోయింది?"

అళగిరిసామి స్టాండు వేస్తూ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. "పెట్రోలు ఒలికింది గదా. కరిగిపోయింది."

"మధ్యాహ్నం పెడితి. శనివారం అంతా ఉండాలప్పా."

వద్దనడానికి ఒక్క క్షణం పట్టేది. ఇంకెక్కడైనా పెట్టమనవచ్చు, మడ్‌గార్డు మీద పెట్టమనవచ్చు. ఏదైనా చెబితే ఎందుకని అడుగుతుంది. అడిగితే ఆయనకు అబద్ధం నిలబెట్టడం రాదు. రేపు పొద్దున ఆమె లేవకముందే తీగతో ఒక పోటు పొడిస్తే సరిపోతుంది, అంతే కదా. ఆయన పెరట్లోకి పోయి చేతులు కడుక్కున్నాడు. సబ్బుకు పోని నలుపును ఊరికే రుద్దుతూ చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి ఆమె లోపలి నుంచి తిరుమణ్ణు డబ్బా తెచ్చుకుని, గోడకు ఆనుకుని, ఆయాసపడుతూ, కొత్త నామం దిద్దేసింది. గీతలు వంకర పోయాయి. వేలు వణికిన చోట తెల్లమట్టి మందంగా పడింది. తాళం కన్నం మాత్రం ఎప్పటిలాగే శుభ్రంగా వదిలింది.

"ఇప్పుడు బాగుండాది," అంది.

"బాగుండాదే," అన్నాడు ఆయన.

ఆమె ఆ రాత్రి రెండు ముద్దలు తిని పడుకుంది. ఆయాసం ఉందా అని అడిగితే లేదంది. ఉందని చెబితే ఆయన మళ్లీ బండి తీస్తాడని అలా అందేమో. అళగిరిసామి ఆ ఒక్క మాట దగ్గరే ఇంకా ఆగిపోయి ఉన్నాడు.

తెల్లవారుతుండగా లేచి, ఆమెకు డాక్టరు ఒప్పుకున్నంత కాఫీ, అరగ్లాసు, కలిపి తెచ్చాడు. నాచ్చియార్ గోడ వైపు తిరిగి, ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉంది. పిలిచాడు. రెండోసారి పిలవలేదు. ఇంజను చప్పుడు ఆగిపోతే ఎలా ఉంటుందో ఆయనకు చెప్పనక్కర్లేదు. గ్లాసు కింద పెట్టి, ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. పాదాలకు వాపు అలాగే ఉంది.

గోపినాథ్ వచ్చాడు, చుట్టాలు వచ్చారు, జరగవలసినవన్నీ వాళ్లే జరిపించారు. "నిన్న కారులో..." అని గోపినాథ్ ఏదో అనబోయి ఆపుకున్నాడు. ఆ కుర్రవాడిని కాదన్నది తన పొగరు. మూతను చూసి కూడా చూడనిది తన కన్ను. నుదురు మీద నామం పెట్టిందంతే ఆమె. సగం వేళతో సరిపెట్టకపోతే బతికేదా అంటే డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. చెప్పలేననడమే ఆయనకు ఎక్కువ భారమైంది. బతికేది కాదని ఎవరైనా గట్టిగా చెబితే వాళ్ల కాళ్లు పట్టుకునేవాడు.

పెద్దకర్మ అయ్యాక షెడ్డు తెరిచాడు. నడిచే పోతాడు, నడిచే వస్తాడు. పాలక్యాన్ల పాండియన్, ఇరవై ఏళ్లుగా బండి ఈయన దగ్గరే బాగుచేయించుకునేవాడు, ఒకరోజు జాలిపడి అడిగాడు. "అణ్ణా, మీ వండి ఏమైంది? తీయరా?"

"ఓడదు, నడవదు," అన్నాడు అళగిరిసామి.

"మీకు తెలియని రిపేరా?"

అళగిరిసామి అతని కార్బొరేటర్ విప్పి, జెట్టు తీసి ఎండకు ఎత్తి పట్టాడు. వెలుగు చుక్క గుండ్రంగా కనిపించింది.

బండి ఇంటి గోడ పక్కన నిలబడే ఉంది. టైర్లలో గాలి దిగిపోయింది, సీటు మీద దుమ్ము పేరుకుంది. వాన జల్లు తగలకుండా ఆయన ట్యాంకు మీద ఒక ప్లాస్టిక్ కవరు కట్టాడు. దాని కింద, మూత మీద, వంకర పోయిన రెండు తెల్లని గీతలు ఆరి గట్టిపడి ఉన్నాయి, గాలి పోయే రంధ్రం ఉన్న చోట మట్టి మందంగా పడి, దాని మీద ఆమె ఉంగరపు వేలి గీతలు అచ్చుగా దిగి.